నాలుగేళ్ల పిల్లకు సీటీ దేనికి?

ఇందులో మాట్లాడేది ఇద్దరు. బాబాయి విజయవాడలో చాలాకాలం రేడియాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు, హైదరాబాదులో పిల్లల ఊపిరితిత్తుల డాక్టరు. మాట వచ్చింది పల్నాడు వైపు నుంచి చూపించుకోవడానికి వచ్చిన నాలుగేళ్ల పాప గురించి. తల్లిదండ్రులది మేనరికం. పాపకు రెండేళ్లుగా విడవని దగ్గు, ఎంత తిన్నా పెరగని బరువు. మధ్యలో ఆర్నెల్లు టీబీ మందులు కూడా మింగించారు. చివరికి చెమట పరీక్షలో క్లోరైడు బాగా ఎక్కువగా వచ్చి, సిస్టిక్ ఫైబ్రోసిస్ అని తేలింది. నెబులైజరు, ఎంజైము మాత్రలు మొదలుపెట్టాక పాప తేరుకుంది. ఎక్స్‌రే కూడా దాదాపు బాగానే ఉంది. అయినా అమ్మాయి సీటీ స్కాన్ రాసింది. బాబాయికి అది నచ్చలేదు.

బాబాయి: ఎక్స్‌రే నేనూ చూశానమ్మా. ఊపిరితిత్తులు ఒక పిసరు ఉబ్బినట్టున్నాయి. ఒకటి రెండు చోట్ల శ్వాసనాళాల గోడలు కాస్త మందంగా అనిపించాయి. అంతకు మించి ఏమీ లేదు. పిల్ల ఆడుకుంటోంది, జ్వరం లేదు అంటున్నావు. మరి సీటీ దేనికి?

అమ్మాయి: ఇప్పుడు బాగుంది కాబట్టే తీయమంటున్నాను బాబాయ్. ఈ జబ్బు నడక మీకు తెలియనిది కాదు. ఏడో క్రోమోజోము మీది సీఎఫ్‌టీఆర్ జన్యువు చెడితే కణాల్లోంచి ఉప్పు, దానితోపాటు నీరు సరిగ్గా బయటికి రావు. ఊపిరితిత్తుల్లో తెమడ చిక్కబడి కదలకుండా ఉండిపోతుంది. అందులో సూక్ష్మజీవులు చేరతాయి. వాటిని చంపడానికి వచ్చిన తెల్లకణాలు విడిచే ఎంజైములు శ్వాసనాళం గోడనే తినేస్తాయి. గోడ బలం పోయి నాళం సాగిపోతుంది, సాగాక మళ్లీ బిగుసుకోవడం అరుదు. బ్రాంకియెక్టాసిస్ అంటే అదే కదా. ఇదంతా పిల్ల మన కళ్ల ముందు ఆడుకుంటూ ఉండగానే జరిగిపోతుంది.

బాబాయి: అది పెద్దపిల్లల మాట. నాలుగేళ్లకే అంత జరుగుతుందా?

అమ్మాయి: నాలుగేళ్లు కాదు, నాలుగు నెలలు కూడా అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో ప్రతి శిశువుకూ పుట్టగానే ఈ జబ్బుకు పరీక్ష చేస్తారు. పెర్త్, మెల్‌బోర్న్ డాక్టర్లు అలా బయటపడ్డ పిల్లలకు మూడో నెల నుంచే సీటీ తీస్తూ వచ్చారు. ఆ వివరాలు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మొత్తం 127 మంది పిల్లలు. మూడు నెలల వయసులోనే 29.3 శాతం మందిలో బ్రాంకియెక్టాసిస్ కనబడింది. మూడేళ్లు వచ్చేసరికి అది 61.5 శాతానికి చేరింది. ఊపిరితిత్తులు కడిగిన నీటిలో ఆ గోడలు తినే ఎంజైము మూడో నెలలోనే దొరికిన పిల్లలకు ముప్పు ఇంకా ఎక్కువని కూడా తేలింది. ఆ దేశంలో పుట్టగానే జబ్బు తెలిసి, మొదటి వారాల నుంచే చికిత్స మొదలైన పిల్లల సంగతి ఇది. మన పాపకు జబ్బు తెలిసేసరికే నాలుగేళ్లు గడిచాయి.

బాబాయి: ఆ పేపరు నేనూ చదివాను. అందులో నాకొక అనుమానం ఉంది, చెబుతాను విను. మేం బ్రాంకియెక్టాసిస్ అని ఎలా అంటాం? ప్రతి శ్వాసనాళం పక్కనే ఒక రక్తనాళం నడుస్తుంది. మామూలుగా రెండూ ఇంచుమించు ఒకే లావుంటాయి. శ్వాసనాళం పక్కదానికంటే లావైతే సీటీలో అది రాయి పొదిగిన ఉంగరంలా కనబడుతుంది. పెద్దవాళ్లలో ఇది నిక్కమైన గుర్తు. మూడు నెలల బిడ్డకు మాత్రం మత్తిచ్చి, గొట్టం వేసి, ఒత్తిడితో ఊపిరితిత్తులను ఉబ్బించి తీస్తారు. ఆ ఒత్తిడికే నాళం కాస్త వెడల్పవుతుంది. కొంతమంది పిల్లల్లో మొదటి స్కాన్‌లో కనబడినది మరుసటి స్కాన్‌లో కనబడలేదు కూడా. అలాంటిదాన్ని శాశ్వతమైన దెబ్బ అని తల్లికి చెప్పేస్తామా?

అమ్మాయి: కొంతమందిలో కనబడకపోయిన మాట నిజం. ఎక్కువమందిలో అది అలాగే ఉండిపోయిందీ, పెరిగిందీ కూడా నిజమే. ఆ ఎక్కువమందిలో మన పాప ఉందో లేదో ఎక్స్‌రే చెప్పగలదా?

బాబాయి: ఎక్స్‌రేని మరీ అంత తీసెయ్యకు. ఈ జబ్బును డొరొతీ ఆండర్సన్ 1938లో విడిగా గుర్తించినప్పుడు ఎవరి దగ్గరా స్కానర్ లేదు. ఆ తర్వాత నలభై ఏళ్లూ పిల్లల్ని చూసింది ఎక్స్‌రేతోనే. 1974లో క్రిస్పిన్, నార్మన్ దానికొక మార్కుల పద్ధతి పెట్టారు, 1979లో బ్రాస్‌ఫీల్డ్ బృందం ఇంకొకటి పెట్టింది. ఒక్క ఫిల్ము చూసి ఏమీ తెలియదు, ఒప్పుకుంటాను. అదే పిల్లవి అయిదారేళ్ల ఫిల్ములు లైటుబాక్సు మీద వరసగా పెట్టి చూడు. కుడివైపు పైభాగం ఎప్పుడు ముడుచుకుందో, ఎప్పుడు తెరుచుకుందో అన్నీ తెలుస్తాయి. దాని రేడియేషనెంత? 0.02 మిల్లీసీవర్ట్ కూడా దాటదు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ ఎటూ వస్తుంది.

అమ్మాయి: వరసగా పెట్టి చూసేంత ఓపిక మీకుంది. ఆ ఫిల్ములన్నీ దాచుకున్న కుటుంబం నాకు అరుదుగా కనబడుతుంది. అన్నీ ఉన్నా కూడా, ఎక్స్‌రేలో మార్పు తెలిసేది నాళాలు ఒక మోస్తరుగా చెడ్డాక. సన్న నాళాల్లో ఇరుక్కున్న తెమడ, బయటికి రాలేక చిక్కుకున్న గాలి అందులో అందవు. ఊదే పరీక్ష నాలుగేళ్ల పిల్ల చేత చేయించలేం. చేయగలిగే వయసు వచ్చాక కూడా అది నమ్మదగ్గ సాక్ష్యం కాదని రోటర్‌డ్యామ్ డాక్టర్లు 2004లోనే చూపించారు. ఊదే పరీక్ష అంకెలు నిలకడగా ఉన్న పిల్లల్లోనే సీటీలో ఊపిరితిత్తులు చెడుతూ పోయాయి. అందుకే వాళ్లు రెండేళ్లకోసారి సీటీని మామూలు పరిశీలనలో భాగం చేసుకున్నారు.

బాబాయి: రెండేళ్లకోసారి! నాలుగేళ్లప్పుడు మొదలుపెడితే ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఎన్ని అవుతాయో లెక్కేశావా? నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకు తిరిగినవాణ్ణి. మూడు నెలలకోసారి అది పరీక్షకు వెళ్లేది. నాకెంత రేడియేషన్ తగిలిందో కాగితం మీద వచ్చేది. అణుశక్తి నియంత్రణ మండలి నాకు అయిదేళ్లలో 100 మిల్లీసీవర్ట్ దాటకూడదని హద్దు పెట్టింది. నేను తీసిన పిల్లలకు బ్యాడ్జీ లేదు, హద్దూ లేదు. రోగికి హద్దు పెట్టకపోవడానికి కారణం ఉంది, అవసరమైన పరీక్ష ఆగిపోకూడదు. కాబట్టి ఆ లెక్క పెట్టాల్సింది డాక్టరే.

అమ్మాయి: లెక్క పెట్టకుండా రాయలేదు బాబాయ్.

బాబాయి: అయితే విను. బ్రిటన్‌లో చిన్నప్పుడు సీటీ తీయించుకున్న లక్షా డెబ్భై ఎనిమిది వేల మంది లెక్కలు 2012లో లాన్సెట్‌లో వచ్చాయి. స్కాన్ల మోతాదు పెరిగినకొద్దీ ల్యుకేమియా, మెదడు కంతులు పెరిగాయి. వేరే జబ్బు ఉన్నవాళ్లకే స్కాన్లు ఎక్కువ తీస్తారు కదా, క్యాన్సర్ ఆ జబ్బుదేమో అన్నారు కొందరు. సరే, 2023లో తొమ్మిది ఐరోపా దేశాలు కలిసి తొమ్మిదిన్నర లక్షల మందిని చూశాయి. రక్తక్యాన్సర్ల విషయంలో మళ్లీ అదే తేలింది. ఇప్పటి మోతాదులతో పదివేల మంది పిల్లలకు ఒక్కో స్కాన్ తీస్తే, తర్వాతి పన్నెండేళ్లలోపు ఒకరిద్దరికి అదనంగా రక్తక్యాన్సర్ రావచ్చని వాళ్ల అంచనా. చిన్న సంఖ్యే. కానీ నువ్వు తీస్తానంటున్నది ఒక్క స్కాన్ కాదు. పైగా ఇది ఆడపిల్ల, రొమ్ము కణజాలం రేడియేషన్‌కు తొందరగా లొంగుతుంది. ఈ జబ్బున్నవాళ్లకు పెద్దయ్యాక పేగు క్యాన్సర్ ముప్పు ఎటూ మామూలువాళ్లకంటే ఎక్కువే.

అమ్మాయి: ఆ పాత స్కాన్ల మోతాదు వేరు. పెద్దవాళ్లకు మామూలు ఛాతీ సీటీలో 5 నుంచి 7 మిల్లీసీవర్ట్ పడుతుంది. పిల్లకు తగ్గట్టు ఎక్స్‌రే వోల్టేజి 120 కేవీ నుంచి 80కో 70కో దించి, కరెంటు తగ్గించి, కంప్యూటరు చేత మచ్చలు తుడిపిస్తే 1 మిల్లీసీవర్ట్‌కు అటూ ఇటూగా తేలిపోతుంది. మంచి కేంద్రాల్లో అంతకంటే చాలా తక్కువకే తీస్తున్నారు. ఏడాదిలో ప్రకృతి నుంచి వచ్చేదాంట్లో సగం కూడా కాదు. రెండు ట్యూబుల స్కానర్లయితే పిల్ల ఛాతీ మొత్తం సెకను లోపే అయిపోతుంది, మత్తు అవసరం కూడా ఉండదు. రంగుమందు ఎక్కించాల్సిన పనీ లేదు.

బాబాయి: మంచి కేంద్రాల్లో అన్నావు చూడు, నా భయమంతా అక్కడే ఉంది. జిల్లా ఊళ్లలో స్కాన్ సెంటర్లు నేను చూశాను. పిల్ల వస్తుంది, ఏడుస్తుంది. టెక్నీషియనుకు బయట ఇరవై మంది క్యూలో ఉంటారు. మెషీనులో ముందే పెట్టి ఉన్న పెద్దవాళ్ల సెట్టింగుతోనే తీసేస్తాడు. పిల్ల కదిలితే మళ్లీ తీస్తాడు. చీటీలో ఛాతీ సీటీ అని మాత్రమే రాసి ఉంటే, మంచిదే కదా అని రంగుమందు ఎక్కించి ఇంకోసారి తీస్తాడు. ఒక్క స్కాన్ అని నువ్వు రాస్తావు, పిల్ల మీద మూడు పడతాయి. ఫిల్ముల చివర డోస్ రిపోర్టని ఒక పేజీ ఉంటుంది, డీఎల్‌పీ అని అంకె ఉంటుంది. ఆ పేజీ అడిగే పిల్లల డాక్టరు నాకు చాలా అరుదుగా కనబడ్డాడు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఈ వాదం మొత్తంలో నాకు అన్నిటికంటే బరువుగా తోచినది బాబాయి చెప్పిన ఈ డోస్ రిపోర్టు సంగతే. లాన్సెట్‌లో ఏం వచ్చింది, రోటర్‌డ్యామ్‌లో ఏం చేస్తున్నారన్నది పాప దాకా రావాలంటే నడిమధ్యలో ఉన్న ఆ టెక్నీషియను చేతిమీదుగానే రావాలి. 2008లో అమెరికాలో పిల్లల రేడియాలజిస్టులు ఇమేజ్ జెంట్లీ అని ఉద్యమం మొదలుపెట్టినప్పుడు వాళ్లు టెక్నీషియన్లను కూడా పట్టుకున్నారు. పిల్లల సెట్టింగులు మెషీనులో ఎలా పెట్టాలో వాళ్లకు నేర్పారు.

అమ్మాయి: ఆ పేజీ నేను అడుగుతాను బాబాయ్. చీటీలో కూడా విడిగా రాస్తాను. పిల్ల బరువు, రంగుమందు వద్దు, ఊపిరి పీల్చి ఒకే ఒక్క రౌండు, పిల్లల సెట్టింగు, పలచటి స్లైసులు అని. ఊపిరి వదిలాక చిక్కుకున్న గాలి కోసం తీసే భాగాన్ని ఇంకా తక్కువ మోతాదులో తీయమంటాను. టెక్నీషియనుతో ఫోనులో మాట్లాడతాను. అందరూ అలా చేయరనేది నేను కాదనను. సరిగ్గా తీయనివాళ్లు ఉన్నారు కాబట్టి సరిగ్గా తీసేచోట కూడా తీయొద్దంటే ఎలా?

బాబాయి: తీయొద్దనడం లేదు. వేరేది తీయమంటున్నాను. ఎమ్మారై తీయి. రేడియేషన్ లేదు కనుక ఆర్నెల్లకోసారి తీసినా భయం లేదు.

అమ్మాయి: ఊపిరితిత్తులకు ఎమ్మారై! మీరు పనిచేసిన రోజుల్లో మీరే నవ్వేవారుగా. ఎమ్మారై చూసేది నీటిలోని ప్రోటాన్లను. ఊపిరితిత్తిలో ఉండేది చాలామటుకు గాలి. గాలీ కణజాలమూ కలిసే ప్రతిచోటా అయస్కాంత క్షేత్రం చెదురుతుంది. సంకేతం ఒకటి రెండు మిల్లీసెకండ్లలోనే చచ్చిపోతుంది. గుండె కొట్టుకుంటుంది, ఛాతీ కదులుతుంది.

బాబాయి: అప్పట్లో అంతే. ఇప్పుడు సంకేతం చావకముందే, మిల్లీసెకండులో పదో వంతు కూడా గడవకుండానే పట్టుకునే పద్ధతి వచ్చింది, యూటీఈ అంటారు. దాంతో నాళాల గోడలు బాగా కనబడుతున్నాయి. సీటీ అంత సన్నగా కనబడవు, నిజమే. కానీ ఈ జబ్బులో ముఖ్యమైనది తెమడ. తెమడలో ఉన్నది నీరే, ఎమ్మారైలో అది తెల్లగా మెరుస్తుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ వాళ్లు పసిపిల్లలకు కూడా ఎమ్మారై తీసి 2012లో మార్కుల పద్ధతి పెట్టారు. 2014లో ఇంకొకటి చూపించారు. ఇన్ఫెక్షన్ ముదిరి ఆస్పత్రిలో చేరిన పిల్లలకు యాంటీబయాటిక్స్ ఇచ్చి మళ్లీ తీస్తే, తెమడ తగ్గినట్టూ, రక్తం అందని భాగాలకు మళ్లీ అందుతున్నట్టూ ఎమ్మారైలో కనబడింది. సీటీ చెప్పేది ఏం పాడైందో. ఎమ్మారై ఏం బాగుపడగలదో కూడా చెబుతుంది. నీకు కావలసింది ఏది?

అమ్మాయి: రెండూ కావాలి. రక్తం అందేది చూడాలంటే గడోలినియం అనే రంగుమందు ఎక్కించాలి కదా. కొన్ని రకాల గడోలినియం మెదడులో మిగిలిపోతోందని తేలి, 2017లో ఐరోపా మందుల సంస్థ వాటిలో కొన్నిటి వాడకం ఆపించింది. చిన్నపిల్లకు ఏటేటా అదెక్కించడం నాకు ఇష్టం లేదు.

బాబాయి: మిగిలిపోయేది ఎక్కువగా పాత రకం. అదీ వద్దనుకుంటే ఏ మందూ ఎక్కించకుండా, పిల్ల మామూలుగా ఊపిరి తీస్తుండగానే వరసగా బొమ్మలు తీసి, శ్వాసతో మారే వెలుగును, గుండె కొట్టుకోవడంతో మారే వెలుగును గణితంతో విడదీస్తున్నారు. గాలి ఎక్కడికి వెళ్తోంది, రక్తం ఎక్కడికి వెళ్తోంది అన్నది రెండు పటాలుగా వస్తుంది.

అమ్మాయి: వినడానికి బాగుంది. హైడెల్‌బర్గ్‌లో ఆ పని అచ్చంగా ఇదే చూసే రేడియాలజిస్టులు, ఫిజిసిస్టులు, మత్తు డాక్టర్లు కలిసి చేస్తారు. నేను పాపను పంపితే ఏమవుతుంది? అరగంట కదలకుండా ఆ మోతలో పడుకోదు. ట్రైక్లోఫాస్ సిరప్ తాగించి నిద్రపుచ్చాలి, లేకపోతే మత్తు డాక్టరు కావాలి. తెమడ నిండిన ఊపిరితిత్తులున్న పిల్లకు మత్తంటే నాకు భయం. మత్తులో ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుని, బొమ్మలో లేని జబ్బును కూడా చూపిస్తాయి. అంతా అయ్యాక రిపోర్టులో ఏమొస్తుంది? ఎమ్మారై సెంటర్లు చాలా ఉన్నాయి, ఊపిరితిత్తులకు కావలసిన ఆ ప్రోగ్రాములు మెషీనులో వేసినవి ఎన్ని? వేసినా చదవగలిగినవారెవరు?

బాబాయి: చదవడం నేర్చుకోవచ్చు. 1991లో భల్లా సీటీకి 25 మార్కుల పద్ధతి పెట్టేనాటికి సీటీ చదివేవాళ్లు మాత్రం మనకు ఎంతమంది ఉన్నారు? నేనూ తర్వాతే నేర్చుకున్నాను.

అమ్మాయి: నేర్చుకునేలోపు ఈ పాపకు ఎనిమిదేళ్లొస్తాయి.

బాబాయి: సరే, క్సెనాన్ వాయువు సంగతి కూడా అడుగుతావేమో. మామూలు ఎమ్మారైలో గాలి కనబడదు కనుక, కనబడే గాలినే పీల్పిస్తారు. లేజరుతో క్సెనాన్ అణువులను ఒకవైపుకి తిప్పి, సంకేతాన్ని వేల రెట్లు పెంచి, ఒక్క గుక్క పీల్చి పది పదిహేను సెకండ్లు ఆపమంటారు. గాలి వెళ్లని చోటు నల్లగా మిగిలిపోతుంది. 1994లో ఎలుక ఊపిరితిత్తులతో మొదలైంది. అమెరికా మందుల సంస్థ 2022 డిసెంబరులో అనుమతించింది, మొదట 12 ఏళ్లు దాటినవాళ్లకే. ఊదే పరీక్ష మామూలుగా ఉన్న పిల్లల్లో కూడా గాలి వెళ్లని భాగాలు ఇది పట్టింది.

అమ్మాయి: మన పాపకు దానితో పనిలేదు. క్సెనాన్‌ను సిద్ధం చేసే యంత్రం వేరే కొనాలి, ఎమ్మారైకి వేరే కాయిల్ కొనాలి. అది ఇంకొంతకాలం టొరంటో, సిన్సినాటి లాంటి చోట్లకే.

బాబాయి: ఒప్పుకున్నాను. ఇప్పుడు నేనొక్కటే అడుగుతాను. చికిత్స మార్చని స్కాన్ తీయకూడదని మా ప్రొఫెసర్లు మాకు నేర్పారు. సీటీలో ఏం కనబడితే నువ్వు ఏం మారుస్తావు? అమెరికాలోనైతే మూడు మందులు కలిపిన ఆ మాత్ర ఉంది. ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్. 2019లో వచ్చింది, 2023లో రెండేళ్ల పిల్లల దాకా అనుమతించారు. అది పడినవాళ్లకు తెమడ కరిగిపోవడం ఎమ్మారైలోనే కనబడుతోంది. అక్కడ ఏడాదికి మూడు లక్షల డాలర్ల పైమాటే. మన పాపకు అది అందదు. పైగా మన పిల్లల్లో ఎఫ్508 డెల్ అనే మామూలు లోపం తెల్లవాళ్లలో ఉన్నంతగా ఉండదు, అరుదైన లోపాలు ఎక్కువ. అందరికీ ఆ మాత్ర పనిచేస్తుందనీ లేదు. అసలు మందు లేనప్పుడు బొమ్మ చూసి ఏం చేస్తావు?

అమ్మాయి: అసలు మందు లేదు కనుకే నాకు బొమ్మ కావాలి. ఉన్న కాస్త మందులనూ ఎక్కడ పెట్టాలో తెలియాలి. చెబుతాను వినండి. కుడి పైభాగంలో తెమడ ముద్దలు కనబడితే ఫిజియోథెరపీలో ఏ వైపుకి పడుకోబెట్టాలో, ఏ భాగం మీద ఎక్కువసేపు పనిచేయాలో మారుతుంది. బ్రాంకియెక్టాసిస్ మొదలైందని తెలిస్తే గొంతు నుంచి నమూనా తరచుగా కల్చరుకు పంపుతాను. సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి కనబడిందంటే ఒక్కవారం ఆగను, పీల్చే యాంటీబయాటిక్ మొదలుపెడతాను. తెమడ ముద్ద సీటీలో కండరంకంటే తెల్లగా కనబడితే అది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పని, చికిత్సే వేరు. అన్నిటికంటే ముఖ్యం ఉప్పునీళ్లు.

బాబాయి: ఏడు శాతం సెలైనా?

అమ్మాయి: అదే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు రెండుసార్లు 7 శాతం ఉప్పునీళ్లు పీల్పిస్తే ఏమవుతుందో చూసిన పరిశోధన షిప్-సీటీ. 116 మంది పిల్లలు, 48 వారాలు. మామూలు సెలైన్ పీల్చిన పిల్లలకంటే వీళ్ల ఊపిరితిత్తుల్లో చెడిన భాగం తక్కువగా ఉందని 2022లో తేలింది. తేల్చింది సీటీయే. ఊపిరితిత్తి బొమ్మ మీద గడులు గీసి, ఒక్కో గడిలో ఏముందో రాసే పద్ధతితో లెక్కపెట్టారు. మన ఊళ్లో దొరికేది, మన తల్లులు కొనగలిగేది ఉప్పునీళ్లే. అది పనిచేస్తుందని గట్టిగా చెప్పగలుగుతున్నామంటే సీటీ వల్ల. మూడు లక్షల డాలర్ల మందు లేని దేశానికి ఈ వార్త ఎంత పెద్దదో ఆలోచించండి.

బాబాయి: ఉప్పునీళ్లను హైడెల్‌బర్గ్ వాళ్లు కూడా జర్మనీ పసిబిడ్డల్లో పరీక్షించారు. 42 మంది, 2019లో. పిల్లలు బరువు, ఎత్తు బాగా పెరిగారు. శ్వాసలో గాలి ఎంత సమంగా పంచుకుంటుందో చూసే పరీక్ష కూడా మెరుగైంది. ఎమ్మారై మార్కుల్లో మాత్రం పెద్ద తేడా రాలేదు.

అమ్మాయి: అంటే మీ ఎమ్మారై పట్టలేకపోయింది!

బాబాయి: అంత తొందరపడకు. పిల్లలు తక్కువమంది, వయసూ తక్కువ, చెడింది ఇంకా కొద్దిగానే ఉంది. ఒకదాన్ని ఒకటి కాదనడానికి ఇవి చాలవు. సీటీ బొమ్మలు నమ్మకమైనవనడానికి నాకు అభ్యంతరం లేదు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద జరిగిన పరిశోధనలో కూడా సీటీయే నిజం చెప్పింది. పసితనం నుంచి మూడేళ్లు వచ్చేదాకా ఆ మందిస్తే పిల్లలు ఇన్ఫెక్షన్లతో ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గాయి, ఊపిరితిత్తులు చెడడం మాత్రం తగ్గలేదు. సీటీ లేకపోతే మందు గెలిచిందని చంకలు గుద్దుకునేవాళ్లం. కానీ పరిశోధనలో పిల్ల కోసం మోతాదు కొలిచేవాళ్లుంటారు, ఎథిక్స్ కమిటీ ఉంటుంది. ఒంటరిగా మీ అవుట్‌పేషెంట్‌కి వచ్చే పిల్లకు ఎవరున్నారు?

అమ్మాయి: నేనున్నాను.

బాబాయి: సరే. అయితే ఒక్క స్కాన్‌కు ఒప్పుకుంటాను. జబ్బు తెలిసిన తర్వాత, పాప ఇన్ఫెక్షన్ లేకుండా బాగున్నప్పుడు, పిల్లల సెట్టింగుతో, రంగుమందు లేకుండా ఒకే రౌండు. తర్వాతి వాటిని పోల్చుకోవడానికి అది ఆధారంగా ఉంటుంది. డీఎల్‌పీ అంకె పాప ఫైలులో రాయించు. టెక్నీషియను ఊపిరి బిగబట్టడం ఆటలా ముందే నేర్పించాలి, రోటర్‌డ్యామ్‌లో స్కానుకు ముందు పిల్లలకు అలాగే నేర్పిస్తారు. దగ్గు పెరిగినప్పుడల్లా సీటీ వద్దు, దానికి ఎక్స్‌రే చాలు. రెండేళ్లకోసారి సీటీ అనే మాటకు మాత్రం నేను ఒప్పుకోను. ఆరేళ్లు వచ్చాక పిల్ల కదలకుండా పడుకోగలదు, అప్పుడు ఎమ్మారై తీయి. ఆలోపు ఎక్కడైనా ఒక సెంటర్లో ఆ ప్రోగ్రాములు పెట్టించే పని నువ్వే మొదలుపెట్టు.

అమ్మాయి: ఎమ్మారై కోసం ప్రయత్నిస్తాను. అది కుదరకపోతే మూడేళ్లకైనా సీటీ తీస్తాను, మీరేమన్నా సరే. కనబడకుండా ఊపిరితిత్తి పోగొట్టుకున్న పన్నెండేళ్ల పిల్లలు నా దగ్గరికి వస్తారు బాబాయ్. మీ లెక్కలో పదివేలకు ఒకరిద్దరు, నా వార్డుకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది. ఆ రెండు లెక్కలనూ నేను ఒకే తక్కెడలో వేయలేను.

బాబాయి: ఆ పిల్లలు అలా కావడానికి కారణం సీటీ తీయకపోవడం కాదమ్మా. జబ్బు తెలియకపోవడం. నా చేతి మీదుగా ఎన్ని ఎక్స్‌రేలు టీబీ అని వెళ్లాయో తలుచుకుంటే దిగులుగా ఉంటుంది. టీబీ పైభాగాల్లో ఎక్కువగా ఉంటుంది, ఈ జబ్బూ పైభాగాల్లోనే ముందు మొదలవుతుంది. మన దేశంలో పుట్టగానే దీనికి పరీక్ష చేసే పద్ధతి లేదు. ఇది మన జబ్బు కాదని చాలాకాలం పుస్తకాల్లో చదువుకున్నాం. దగ్గు, పైభాగాన మచ్చ, బరువు తగ్గిన పిల్ల అనేసరికి మన చేయి టీబీ అని రాసేది. ఏ బొమ్మా సిస్టిక్ ఫైబ్రోసిస్ అని చెప్పదు, చెమట చెబుతుంది. ఆ పరీక్ష పద్ధతి 1959 నుంచీ ఉంది. అణువులూ లేజర్లూ అక్కర్లేదు.

అమ్మాయి: అక్కడ మీతో నాకు పేచీ లేదు.

పాప స్కాన్ మీద వీళ్లిద్దరూ ఒక మాటకు వచ్చారు. రెండేళ్ల తర్వాత ఏం తీయాలన్నదాని మీద రాలేదు, నిజానికి ప్రపంచంలో పెద్ద కేంద్రాలు కూడా రాలేదు. ఐరోపాలోనే రోటర్‌డ్యామ్‌ది ఒక దారి, హైడెల్‌బర్గ్‌ది ఇంకొక దారి. నా ఆలోచన అడిగితే, మొదటి సీటీ దగ్గర అమ్మాయి పక్షాన, తర్వాతి వాటి దగ్గర బాబాయి పక్షాన ఉంటాను.

ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. ప్రతి ఎక్స్‌రే ఫిల్మూ, ప్రతి స్కాన్ సీడీ, డోస్ రిపోర్టు పేజీతో సహా ఒకే సంచిలో పెట్టి దాచుకోండి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ సంచి తీసుకెళ్లండి. మీరు దాచిన పాత సీడీ వల్ల ఒక కొత్త స్కాన్ తప్పుతుంది. పల్లెల్లో, చిన్న ఊళ్లలో పిల్లల్ని చూసే డాక్టర్లకూ ఒక మనవి ఉంది. విడవని దగ్గు, పెరగని బరువు, నూనె తేలే మలం, ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగిలే నుదురు, వేసవి ఎండకు ఉప్పు పోయి సొమ్మసిల్లడం, మేనరికపు సంబంధం, ఇంట్లో ఇంతకుముందే కారణం తెలియకుండా పోయిన బిడ్డ. వీటిలో రెండు మూడు కలిసి కనబడితే, టీబీ అని రుజువు కాకుండా టీబీ మందులు మొదలుపెట్టకండి. ముందు ఆ పిల్లను చెమట పరీక్ష ఉన్న ఆస్పత్రికి పంపండి.